రైలెక్కిన పండుగ: నార్వేలో ఈస్టర్ కొండయాత్రల పుట్టుపూర్వోత్తరాలు

నార్వేలో స్కీల వాడకం ఎంత పాతదో చెప్పవలసి వచ్చినప్పుడు వేల ఏళ్ల నాటి బండరాళ్ల మీది చెక్కడాలను సాక్ష్యంగా చూపడం పరిపాటి. అయితే అదే దేశస్థులు అనాదిగా వస్తున్న ఆచారమని నమ్మే ఈస్టర్ కొండయాత్రకు, అంటే చలికాలం ముగియబోయే వేళ కుటుంబాలు కుటుంబాలుగా స్కీలు కట్టుకుని ఎత్తైన పీఠభూములకు చేరి నాలుగైదు రోజులు గడిపి రావడానికి, నిండా నూటపాతికేళ్ల వయసు కూడా లేదు. పాదాలకు బిగించుకుని మంచు మీద జారుతూ నడిచే ఆ పొడవాటి చెక్కపలకలు పల్లె జనానికి తరతరాల పనిముట్లు. వాటిని పండుగ సామగ్రిగా మార్చింది మాత్రం పట్టణ జనం, ఆ పట్టణ జనాన్ని కొండ మీదికి చేర్చింది రైలు. ఆచారం ప్రాచీనమైనదన్న నమ్మకం కూడా ఆచారంతోపాటే పుట్టి దానితోపాటే బలపడింది.

ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది. మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం నాడు పండుగ జరపాలని చర్చి ఏనాడో నిర్ణయించింది కనుక, అది మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య ఎప్పుడైనా రావచ్చు. తెలుగు పంచాంగం ప్రకారం చూస్తే ఆ పౌర్ణమి కొన్నేళ్లు ఫాల్గుణంలోను, ఎక్కువ ఏళ్లు చైత్రంలోను పడుతుంది. నార్వేలో పండుగకు ముందరి గురువారం, శుక్రవారం, ఆపై ఆది, సోమవారాలు ప్రభుత్వ సెలవులు కావడంతో, మధ్యలోని శనివారాన్ని కలుపుకుంటే ఉద్యోగికి వరసగా ఐదు రోజుల తీరిక దొరుకుతుంది, బడులకైతే వారం పొడవునా సెలవు. ఈ తీరిక ఏ నవంబరులోనో దొరికి ఉంటే కొండయాత్ర పుట్టేదే కాదు. ఓస్లో నగరం 60వ ఉత్తర అక్షాంశానికి సమీపంలో ఉంది, డిసెంబరులో అక్కడ పగలు ఆరు గంటలకు అటూ ఇటూగా ఉంటుంది, ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి పద్నాలుగు గంటలు దాటుతుంది. సముద్రతీరంలోను, లోయల్లోను మంచు కరిగి నేల బురదగా మారే ఆ రోజుల్లో, వెయ్యి మీటర్లకు పైబడిన పీఠభూముల మీద మాత్రం చలికాలమంతా పోగుపడిన మంచు గరిష్ఠమైన లోతులో ఉంటుంది. పైన ఎండ, కింద మంచు, చేతిలో సెలవు అనే మూడూ కలిసే వారం ఏడాదికి ఒక్కటే.

పండుగ కంటే ముందు పనిముట్టు సంగతి చూడాలి. దక్షిణ నార్వేలోని టెలెమార్క్ వంటి కొండ జిల్లాల రైతులకు స్కీ అంటే పశువులకు గడ్డి తేవడానికో, వేటకో, పొరుగు ఊరికి పోవడానికో అక్కరకు వచ్చే సాధనం. ఆ ప్రాంతంలోని మోర్గెడాల్ గ్రామంలో 1825లో పుట్టిన సోంద్రె నూర్‌హైమ్ అనే కౌలు రైతు, పాదం వేళ్ల దగ్గరే కాక మడమ చుట్టూ కూడా మెలిపెట్టిన సన్నని కొమ్మలతో కట్టు వేసి, మలుపు తిరిగేటప్పుడు, గెంతేటప్పుడు స్కీ కాలి నుంచి ఊడిపోకుండా చేశాడు. 1868లో రాజధాని క్రిస్టియానియాలో, అంటే 1925 నుంచి ఓస్లోగా పిలుస్తున్న నగరంలో, జరిగిన పోటీలో అతడి నైపుణ్యం చూసి పట్టణవాసులు విస్తుపోయారు. ఆధునిక స్కీ క్రీడకు పితామహుడని నేడు కీర్తించే ఆ మనిషి పేదరికం నుంచి బయటపడడానికి 1884లో అమెరికాకు వలసపోయి, 1897లో ఉత్తర డకోటాలో కన్నుమూశాడు. పల్లెవాడి విద్యను పట్టణం జాతి సంపదగా స్వీకరించిన కాలంలోనే ఆ పల్లెవాడు దేశం విడిచి పోయాడన్నది ఈ చరిత్రలో అంతగా ఎవరూ ఎత్తని సంగతి.

అదే 1868లో బ్యాంకు యజమాని తోమస్ హెఫ్టీ చొరవతో నార్వే పర్వత యాత్రికుల సంఘం ఏర్పడింది. కొండదారులకు గుర్తులు పెట్టడం, బాటసారులు తలదాచుకోవడానికి కుటీరాలు కట్టడం దాని పనులు. మొదట్లో ఆ పనులన్నీ వేసవి నడక కోసమే సాగాయి గాని, చలికాలంలో విలాసంగా కొండెక్కాలన్న ఊహ ఎక్కువమందికి తట్టలేదు. తట్టినవారిలో ఇరవై రెండేళ్ల ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ఒకడు. బెర్గెన్ మ్యూజియంలో ఉద్యోగం చేస్తుండిన నాన్సెన్ 1884లో రాజధానిలో జరిగే స్కీ పోటీకి హాజరు కావడానికి పశ్చిమ తీరం నుంచి కొండలు దాటుకుని స్కీల మీద బయలుదేరాడు. నాలుగేళ్ల తరువాత, 1888లో, ఐదుగురు సహచరులతో గ్రీన్‌లాండ్ మంచుఖండాన్ని అడ్డంగా దాటి, 1890లో ఆ యాత్ర గురించి రాసిన పుస్తకంతో స్కీని నార్వే జాతీయతకు చిహ్నంగా నిలబెట్టాడు. దేశం అప్పటికింకా స్వీడన్ రాజు ఏలుబడిలోనే ఉంది. 1905లో వేరుపడే దాకా తమకంటూ ప్రత్యేకమైనదేదో ఉందని చాటుకోవలసిన అవసరం నార్వే విద్యావంతులకు ఉండేది, మంచు మీద ఒంటరిగా సాగే మనిషి బొమ్మ ఆ అవసరానికి చక్కగా సరిపోయింది.

అయినా నాన్సెన్‌ను మెచ్చుకున్న వేలాది గుమాస్తాలు, టీచర్లు, దుకాణదారులు అతడిలా కొండలు దాటలేరు. వారికి దారి చూపింది 1909 నవంబరులో హాకన్ రాజు ప్రారంభించిన బెర్గెన్ రైలుమార్గం. రాజధానిని పశ్చిమ తీరంతో కలిపే దాదాపు 500 కిలోమీటర్ల ఈ మార్గం హార్డాంగర్‌విడ్డ అనే విశాలమైన పీఠభూమి ఉత్తరపు అంచున, చెట్టన్నది మొలవని ఎత్తులో పోతుంది. గ్రావ్‌హాల్స్ సొరంగం ఒక్కటే ఐదు కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది. దారికి ఇరువైపులా మంచును ఆపే చెక్క కంచెలు వేసి, తిరిగే రెక్కలతో మంచును పక్కకు చిమ్మే ఇంజన్లను నడిపితే తప్ప చలికాలంలో బండి కదలదు. ఈ మార్గంలో అన్నిటికంటే ఎత్తున, 1,222 మీటర్ల దగ్గర, ఉన్న స్టేషను పేరు ఫిన్సె. నేటికీ అక్కడికి మోటారు రోడ్డు లేదు. బండి దిగిన ప్రయాణికుడు ప్లాట్‌ఫారం మీదనే స్కీలు కట్టుకోవచ్చు, ఎదురుగా హార్డాంగర్ హిమానీనదపు తెల్లని గుండ్రటి శిఖరం కనబడుతుంది. నాన్సెన్ కాలంలో రోజుల తరబడి పాటుపడి చేరవలసిన ఎత్తుకు టికెట్టు కొన్న ప్రతివాడూ కొద్ది గంటల్లో చేరే వీలు కలిగింది. దక్షిణ ధ్రువయాత్రకు సిద్ధమవుతున్న ఎర్నెస్ట్ షాకిల్టన్ 1914లో తన సామగ్రిని పరీక్షించుకోవడానికి ఫిన్సెకు వచ్చాడంటే, ఆ చోటు ఎంత ధ్రువప్రాంతంలా ఉంటుందో, అయినా ఎంత సులువుగా చేరవచ్చో ఏకకాలంలో అర్థమవుతుంది.

ఈస్టర్ వారపు రైళ్లు కిటకిటలాడుతున్నాయని చెప్పడానికి గణాంకాల కంటే ఒక నవల ఎక్కువ పనికి వస్తుంది. 1923 మార్చి 24న, పండుగ సెలవులకు జనం బయలుదేరే శనివారం నాడు, ఆఫ్తెన్‌పోస్తెన్ పత్రిక మొదటి పేజీలో బెర్గెన్ రైలును రాత్రి దోచుకున్నారన్న అర్థం వచ్చే మాటలు పెద్ద అక్షరాలతో కనిపించాయి. అది వార్త కాదు, నూర్‌దాల్ గ్రీగ్, నిల్స్ లీ అనే ఇద్దరు యువకులు మారుపేరుతో రాసిన నేర నవలకు గిల్దెన్‌దాల్ ప్రచురణ సంస్థ ఇచ్చిన ప్రకటన. ప్రకటనలో ఉన్నది పుస్తకం పేరే. బంధువులు ఆ బండిలో ఉన్నవారు వార్తగా నమ్మి కంగారుపడ్డారు, పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. నార్వేజియన్లు ఈస్టర్‌కు డిటెక్టివ్ నవలలు చదవడం, ప్రచురణకర్తలు ఆ వారం కోసమే వాటిని దాచి ఉంచడం, తరువాతి రోజుల్లో టీవీలో నేర ధారావాహికలు రావడం, చివరికి పాల డబ్బాల మీద కూడా నేర పరిశోధన బొమ్మల కథలు అచ్చుకావడం అనే విచిత్రమైన సంప్రదాయానికి ఈ ప్రకటననే మూలంగా చెబుతారు. క్రీస్తు మరణాన్ని స్మరించే వారంలో హత్య కథలు చదవడంలో గూఢార్థాలు వెతికే పండితులు లేకపోలేదు గాని, మంచుతుఫాను పట్టి రోజంతా కుటీరం దాటలేని మనిషికి మంచి కథ కావాలన్న సాదా కారణం చాలుననిపిస్తుంది.

ఆ వారపు తిండికి కూడా ఇటువంటి చరిత్రే ఉంది. నార్వేలో నారింజ పండదు, అయినా ఆ వారం కొండకు మోసుకుపోయే పండు అదే. మధ్యధరా ప్రాంతపు నారింజ చలికాలం చివర విరివిగా వస్తుంది, సంచిలో నలగదు, ఒలిస్తే తిండికి తిండి, దాహానికి దాహం తీరుతుంది. 1937లో ఫ్రేయా చాక్లెట్ కంపెనీ క్విక్ లున్ష్ అనే పేరుతో పొరల బిస్కెట్టు మీద చాక్లెట్ పూసిన నాలుగు పలుకుల పట్టీని మార్కెట్లోకి తెచ్చి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారల కాగితం చుట్టి, కొండకు పోయేవాడి జేబులో ఉండవలసిన ఆహారమని ప్రచారం చేసింది. యుద్ధకాలపు కొరతతో ఆగిపోయి మళ్లీ వచ్చిన ఆ పట్టీ నేడు ఎంతగా పాతుకుపోయిందంటే, అది వ్యాపారి కల్పించిన అలవాటని గుర్తుచేస్తే నార్వేజియన్లు నొచ్చుకోవచ్చు. మధ్యాహ్నం వేళ స్కీయర్లు గాలి తగలని వాలు చూసి మంచులో గుంట తవ్వుకుని, దాని గోడకు వీపు ఆన్చి, రెయిన్‌డీర్ తోలు పరచుకుని, ఎండకు ముఖం పెట్టి కూర్చుంటారు. ఫ్లాస్కులో కాఫీ, ఒలిచిన నారింజ, విరిచిన చాక్లెట్ ముక్క, అంతే భోజనం. ముఖం ఎండకు కమిలి గోధుమరంగుకు తిరగడం ఒకప్పుడు నగరపు ఆఫీసుల్లో హోదాకు గుర్తు. సెలవు ముగిసి తిరిగి వచ్చినవాడు కొండకు పోయాడో, ఇంట్లోనే పడి ఉన్నాడో ముఖమే చెప్పేది.

ఈ కాలపు మంచు నడిచేవాడికి ఎన్ని చిక్కులు పెడుతుందో తెలుసుకుంటే గాని కొండయాత్రలోని నేర్పు అర్థం కాదు. చలికాలం నడుమ కురిసే మంచు సన్నని రేకులుగా, పొడిగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పగటి ఎండకు పైపొర కరిగి, రాత్రి చలికి మళ్లీ గడ్డకట్టి, ఇలా పదేపదే జరిగేసరికి రేకులు పోయి ముతక పంచదార పలుకుల వంటి గుండ్రని గింజలు మిగులుతాయి. తెల్లవారుజామున ఆ గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గట్టి పెంకు కట్టి ఉంటాయి కనుక ఆ పెంకు మనిషి బరువును మోస్తుంది, స్కీ దాని మీద చప్పుడు చేస్తూ దూసుకుపోతుంది. పది పదకొండు గంటలకు పైపొర రెండు మూడు అంగుళాల మేర మెత్తబడినప్పుడు నడక హాయిగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక మోకాలి లోతు కూరుకుపోవడమో, ఏటవాలుల మీద తడిమంచు చరియలుగా జారిపడడమో జరుగుతుంది. అందుచేత ఈ కాలపు స్కీయర్ వేకువనే బయలుదేరి, ఎండ ముదరకముందే వెనుదిరుగుతాడు.

చదునుగా సాగే కొండదారిలో స్కీ ముందుకు జారాలి, కాలు తన్నినప్పుడు మాత్రం వెనక్కి జారకుండా మంచును పట్టుకోవాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు పనులనూ స్కీ అడుగున నడిమి భాగంలో పూసే మైనం చేస్తుంది. పొడిమంచు రేకుల మొనలు గట్టి మైనంలో గుచ్చుకుని పట్టునిస్తాయి గాని, వసంతకాలపు గుండ్రని గింజలకు మొనలుండవు, కాబట్టి ఆ మైనం పనిచేయదు. పేటర్ ఓస్త్‌బీ అనే స్కీయర్ 1913లో పేటెంటు పొందిన క్లిస్టర్ ఈ సమస్యకు పరిష్కారం. అది గొట్టంలో నింపి అమ్మే, తేనెకంటే చిక్కనైన జిగురు. చలికి గొట్టంలో బిగుసుకుపోతుంది కనుక చొక్కా లోపల పెట్టుకుని ఒంటి వేడికి మెత్తబరచి, స్కీ అడుగును బాగా తుడిచి ఆరబెట్టి, సన్నని గీతలుగా పిండి, బొటనవేలితో పలచగా పరుస్తారు. చేతికి అంటితే వదలదు, సంచికి, చొక్కాకు, కుటీరం తలుపు గడియకు కూడా అంటుతుంది. దారి నీడలోకి మళ్లి చల్లని పొడిమంచు తగిలితే అడుగున మంచు గడ్డలు కట్టి స్కీ అసలు జారదు. 1946లో స్విక్స్ సంస్థ ఉష్ణోగ్రతను బట్టి ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల మైనాలు తేవడంతో ఈ విద్య కొంత సులువైంది. అడుగున నూగు పట్టీ అతికించిన స్కీలు వచ్చాక ఇప్పటి తరానికి ఆ బాధ కూడా చాలావరకు తప్పింది.

రెండో ప్రపంచ యుద్ధం దాకా కొండయాత్ర ప్రధానంగా మధ్యతరగతి నగరవాసుల వేడుక. దాన్ని దేశమంతటి ఆచారంగా మార్చినవి యుద్ధానంతర చట్టాలు, చమురు కంటే ముందే మొదలైన ఆర్థిక ఎదుగుదల, మోటారు కారు. 1960 అక్టోబరు దాకా నార్వేలో సామాన్యుడు సొంత కారు కొనడం మీద ప్రభుత్వ ఆంక్షలుండేవి, అవి తొలగగానే రైలుమార్గానికి దూరంగా ఉన్న లోయల్లో కూడా కుటీరాల నిర్మాణం ఊపందుకుంది. నేడు 55 లక్షల జనాభా గల దేశంలో సెలవు కుటీరాలు నాలుగు లక్షలకు పైనే ఉన్నాయి. 1957లో వచ్చిన బహిరంగ విహార చట్టం, సాగులో లేని భూమి ఎవరిదైనా సరే దాని మీద నడిచే హక్కు అందరికీ ఉందన్న పాత వాడుకను శాసనంగా మార్చింది. పొలాల విషయంలో కూడా, నేల గడ్డకట్టి గాని మంచు కప్పి గాని ఉన్న రోజుల్లో, ఏప్రిల్ 30 నుంచి అక్టోబరు 14 వరకు గల కాలాన్ని మినహాయించి, నడవడానికి అనుమతి ఇచ్చింది. స్కీ కాలం ఎక్కడ ముగుస్తుందో తేదీతో సహా రాసిన చట్టాలు ప్రపంచంలో ఎన్నో ఉండవు. సొంత కుటీరం లేనివారికి పర్వత యాత్రికుల సంఘం 550కి పైబడిన కుటీరాలు నడుపుతుంది. వాటిలో కాపలాదారు లేనివాటిని సభ్యులు ఒకే నమూనా తాళంచెవితో తెరచి, అలమరలోని డబ్బా తిండి వండుకుని, పొయ్యికి కట్టెలు కొట్టి, వాడుకున్నదాని వెల తామే లెక్కగట్టి చెల్లించి పోతారు. చూసేవాడెవడూ ఉండడు.

జనం పెరిగేకొద్దీ చావులూ పెరిగాయి. ఎండకాసే ఉదయం చూసి చొక్కాతో బయలుదేరినవారిని మధ్యాహ్నానికి మంచుతుఫాను చుట్టుముట్టడం, ఆకాశానికీ నేలకూ తేడా తెలియని తెలుపులో దారి తప్పడం ఈ ఎత్తుల్లో మామూలు. అందుకే ఈస్టర్‌కు ముందు ముఖ్యమైన దారుల పొడవునా మంచులో కొమ్మలు గుచ్చుతూ పోతారు. తుఫానులో ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు చూపు ఆనితే చాలు, మనిషి కుటీరం చేరతాడు. ప్రమాదాల తరువాత 1950ల మొదట్లో రూపొందించిన కొండ మర్యాదల సూత్రాలు పెద్దగా ప్రచారం పొందకుండానే ఉండిపోయాయి. 1967 ఈస్టర్‌లో కొండల మీద 18 మంది మరణించడంతో దేశం ఉలిక్కిపడింది. రెడ్‌క్రాస్, పర్వత యాత్రికుల సంఘం కలిసి పెద్ద ప్రచారోద్యమం నడిపి ఆ సూత్రాలను ప్రతి ఇంటికీ చేర్చాయి. చాక్లెట్ పట్టీ చుట్టు కాగితం లోపలి వైపు కూడా అవి అచ్చయ్యాయి. ఎక్కడికి పోతున్నదీ చెప్పి పొమ్మనేది, పటం, దిక్సూచి దగ్గర ఉంచుకోమనేది, సత్తువ మిగిలి ఉండగానే ఆశ్రయం వెతుక్కోమనేది వాటి సారం. తొమ్మిది సూత్రాల్లో పిల్లలు కూడా వల్లించేది, సమయానికి వెనుదిరగడంలో సిగ్గుపడవలసింది లేదని చెప్పే ఎనిమిదవది. నాన్సెన్ తరం ముందుకే తప్ప వెనక్కి అడుగు వేయని వీరుణ్ణి ఆదర్శంగా నిలిపితే, ఆయన పేరు చెప్పుకుని కొండెక్కిన మనవలకు వెనక్కి రావడమే ఆదర్శమైంది. 2016లో ఈ సూత్రాలను సవరించి మంచుచరియల ముప్పును మరింత స్పష్టంగా చేర్చారు.

ఉత్తరాన ఫిన్‌మార్క్‌లో ఇదే వారానికి వేరే చరిత్ర ఉంది. అక్కడి సామీ జాతి పశుపాలకులు రెయిన్‌డీర్ మందలను చలికాలపు మేత భూముల నుంచి సముద్రతీరానికి తోలుకుపోయే ముందు, బంధువులందరూ ఒకచోట కలిసే ఆఖరి అవకాశం ఈస్టర్ కావడంతో కౌటోకైనో వంటి ఊళ్లలో పెళ్లిళ్లు, బాప్తిస్మాలు ఆ వారానికే పెట్టుకుంటారు, రెయిన్‌డీర్ పందేలు నడుపుతారు. చలికాలం చివర జరిగే ఈ కలయిక పశువుల కదలికను బట్టి పుట్టింది. విహారం కోసం పుట్టిన దక్షిణాది ఆచారం కంటే దీనికే ప్రాచీనమన్న మాట ఎక్కువ తగినా, నార్వే ఈస్టర్ అనగానే బొమ్మల్లో కనిపించేది మాత్రం నారింజ ఒలుస్తున్న ఓస్లో కుటుంబమే.

పండుగ వారం ఇలా విహారయాత్రగా మారడం చర్చికి మింగుడుపడలేదు. గుడ్‌ఫ్రైడే నాడు నగరపు ప్రార్థనా మందిరాలు బోసిపోతుంటే, కొండల మీద మంచును చెక్కి బలిపీఠం కట్టి, స్కీలు కట్టుకుని వచ్చినవారికి ఆరుబయట ప్రార్థన జరిపించడం చివరికి మతాచార్యులే నేర్చుకున్నారు. పండుగ ముగిసినా మంచు మిగిలిన ఏళ్లలో కాలాన్ని మరికొంత సాగదీయడానికి 1974లో స్కార్వెరెన్నెత్ అనే స్కీ పరుగు మొదలైంది. ఏప్రిల్ ఆఖరులో ఫిన్సె నుంచి ఉస్తాఓసెత్ దాకా 40 కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరం సాగే ఈ పరుగుకు వేలాదిమంది వస్తారు. ఫిన్సెకు రోడ్డు లేదు కనుక పోటీదారులందరినీ ప్రత్యేక రైళ్లే మోస్తాయి. గడియారం పట్టుకుని పరుగెత్తేవారు కొందరైతే, దారిలో ఆగి మంచులో కూర్చుని చలికాలానికి వీడ్కోలు చెప్పేవారు అంతకంటే ఎక్కువ.

ఈ ఆచారం నార్వేజియన్ల మీద ఎంత పట్టు సాధించిందో 2020లో బయటపడింది. కరోనా వ్యాప్తితో ఆ మార్చిలో ప్రభుత్వం, సొంత మునిసిపాలిటీ వెలుపల ఉన్న కుటీరంలో రాత్రి బస చేయడాన్ని నిషేధించింది. కొన్ని వందలమంది నివసించే కొండ ఊళ్లలోకి పండుగ వారం వేలమంది దిగితే అక్కడి చిన్న ఆసుపత్రులు తట్టుకోలేవన్నది కారణం. బడులు, క్షౌరశాలలు మూసినప్పుడు పెద్దగా నోరెత్తని జనం ఈ నిషేధం మీద మాత్రం పత్రికల్లో, పార్లమెంటులో, న్యాయనిపుణుల మధ్య హోరాహోరీగా వాదించుకున్నారు. సొంత ఇంట్లోకి పోవద్దనే అధికారం ప్రభుత్వానికి ఉందా అన్నది ఒక వాదన, పన్నులు తీసుకునేటప్పుడు గుర్తుకువచ్చే కుటీర యజమానులు జబ్బు చేసినప్పుడు పరాయివారైపోయారా అన్నది మరొకటి. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 12న వచ్చింది. నిషేధాన్ని ఏప్రిల్ 20న ఎత్తివేశారు, అప్పటికి ఎత్తైన పీఠభూముల మీద మంచు ఇంకా పుష్కలంగానే ఉంది.